పాటకు పాఠపరిష్కరణ: 'స్కైలార్కింగ్' సంపుటి పునర్విడుదలపై ఒక పరిశీలన

ప్రాచీన గ్రంథమును అచ్చువేయబూనిన పండితునికి మొదట ఎదురయ్యే చిక్కు పాఠభేదము. సి.పి. బ్రౌన్ వేమన పద్యములను 1829లో ప్రకటించుటకు ముందు అనేక వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూడవలసి వచ్చినది. వ్రాయసకాని చేతిలో ఒక్క అక్షరము జారినను పద్యపాదము కుంటుపడును. ఆ కుంటు వేమనదా, వ్రాయసకానిదా అని తేల్చుటయే పరిష్కర్త పని. ఉర్దూ సాహిత్యములో ఇంతకంటె చిత్రమైన ఉదాహరణ గాలిబ్ దీవాను. ఆయన తన కవిత్వమును తానే ఏరి, ఎన్నో షేర్లను నిర్దాక్షిణ్యముగా విడిచిపెట్టినాడు. 1821 నాటి వ్రాతప్రతి భోపాలులో బయటపడి, 1921లో 'నుస్ఖా-ఎ-హమీదియా' అను పేర అచ్చయిన పిదప ఆ విడిచిన షేర్లు కూడ పాఠకుల చేతికి వచ్చినవి. కవి వద్దన్నదానిని మనము చదువవచ్చునా? చదివినచో ఎక్కడ ఉంచి చదువవలెను? ఇవి నేటికిని చర్చలో ఉన్న ప్రశ్నలే.

రికార్డు సంగీతమునకు కూడ ఈ ప్రశ్నలు వర్తించునని మనము సాధారణముగా తలంపము. రీమాస్టర్ చేసిన పునర్విడుదల అనగానే, దుమ్ము తుడిచి, మెరుగు పెట్టి, ధర పెంచి అమ్మెడి పాత సరుకు అని పలువురి అభిప్రాయము. చాల సందర్భములలో ఆ అభిప్రాయము తప్పు కాదు. కాని అరుదుగా ఒక పునర్విడుదల నిజమైన పాఠపరిష్కరణ అగుచున్నది. అట్టిది ఒకటి ఇంగ్లాండు దేశపు ప్రత్యామ్నాయ పాప్ బృందమైన ఎక్స్‌టీసీ వారి 'స్కైలార్కింగ్' సంపుటి. 1986లో వెలువడిన ఈ సంపుటిని శ్రోతలు 24 సంవత్సరములు ప్రేమతో విన్నారు. 2010లో ఒక ఇంజనీరు దానిని పరీక్షించి, ఇందులో ధ్వని మొత్తము తలక్రిందులుగా ఉన్నదని చెప్పినాడు. ఆ తప్పు పాటలు కట్టినవారిది కాదు, పాడినవారిది కాదు, తీగది. ఈ విషయము భౌతికశాస్త్ర విద్యార్థికిని, సాహిత్య విద్యార్థికిని సమానముగా పనికివచ్చును గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ఎక్స్‌టీసీ వారిది నైరుతి ఇంగ్లాండులోని స్విండన్ పట్టణము. గ్రేట్ వెస్టర్న్ రైల్వే కర్మాగారము వలన పెరిగిన ఊరు అది. ఆ కర్మాగారము 1986లోనే మూతపడినది. పాటల రచనలో ప్రధానుడు ఆండీ పార్ట్రిడ్జ్. బేస్ గిటారు వాయించు కాలిన్ మౌల్డింగ్ రెండవ రచయిత. గిటారు, కీబోర్డులు వాయించుచు, తీగవాద్యములకు స్వరరచన చేయగల నేర్పరి డేవ్ గ్రెగరీ. 1982లో పార్ట్రిడ్జ్‌ను వేదికాభయము తీవ్రముగా పట్టుకొన్నది. అప్పటినుండి బృందము ఊరూర కచేరీలు చేయుట మానివేసినది. కచేరీలు లేని పాప్ బృందమునకు రికార్డే సర్వస్వము. రికార్డు మీద ఎట్లు వినబడిన అదియే వారు. ఈ సంగతి గుర్తుంచుకొనినచో, ధ్వనిలోని ఒక లోపమును గూర్చి వారు అంతగా బాధపడుట ఎందుకో తెలియగలదు.

అమెరికాలో రికార్డులు అమ్ముడుపోవలెనన్న కోరికతో వర్జిన్ కంపెనీ వారు ఈసారి అమెరికన్ నిర్మాతను పెట్టుకొనుడని పట్టుబట్టినారు. టాడ్ రండ్‌గ్రెన్ పేరు వినగానే ఆయన అభిమానియైన గ్రెగరీ ఉత్సాహపడినాడు. రండ్‌గ్రెన్ స్వయముగా గాయకుడు, వాద్యకారుడు, ఇంజనీరు; 1977లో మీట్ లోఫ్ గాయకుని 'బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్' సంపుటికి నిర్మాత. ఆయన చేసిన మొదటి పని, బృందము పంపిన నమూనా టేపులు విని, వారింకను అమెరికాలో కాలు పెట్టకముందే ఏ పాటలు తీసుకొనవలెనో, ఏ వరుసలో ఉండవలెనో నిర్ణయించుట. ఆ వరుసలో ఒక ఆలోచన ఉన్నది. వేసవి పగటిలో కీటకముల రొదతో ఆరంభమై, పెండ్లి, సంసారము, జీతము చాలని కష్టము, వృద్ధాప్యము, మరణము మీదుగా సాగి, చివరకు రాత్రివేళ మంటతో ముగియును. ఒక రోజు, ఒక సంవత్సరము, ఒక జీవితము మూడును ఒకే చక్రములో ఇమిడినవి. మొదటి పాట 'సమ్మర్స్ కాల్డ్రన్' ఆగకుండ రెండవ పాట 'గ్రాస్'లోనికి ప్రవహించుట వినినవారికి ఈ కూర్పు ఎంత ఆలోచించి చేసినదో అర్థమగును. సంపుటి పేరులో భరతపక్షి దాగియున్నది. ఆ మాటకు ఆంగ్లములో చిలిపిగా ఆడుకొనుట అని అర్థము.

పని జరిగిన తీరు మాత్రము ఆట వలె లేదు. న్యూయార్క్ రాష్ట్రములోని వుడ్‌స్టాక్ వద్ద రండ్‌గ్రెన్‌కు గల స్టూడియోలోను, శాన్‌ఫ్రాన్సిస్కోలోను రికార్డింగు సాగినది. బృందమునకు స్థిరమైన డ్రమ్ముల వాద్యకారుడు లేనందున ప్రెయిరీ ప్రిన్స్ వాయించినాడు. పార్ట్రిడ్జ్ తన పాటలను తానే నడుపుకొనుటకు అలవాటుపడినవాడు. రండ్‌గ్రెన్ ఎవరి మాటను వినునట్టివాడు కాడు. ఇద్దరు వంటవాళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలిచినట్లయినది. 'ఎర్న్ ఎనఫ్ ఫర్ అజ్' అను పాటలో బేస్ వాయించుటను గూర్చి వచ్చిన తగవులో మౌల్డింగ్ కొన్నాళ్ళు బృందమునే విడిచిపోయినాడు. వాద్యములు ఒకచోట కలిపిన తుది మిశ్రమము చేతికి వచ్చిన పిదప కూడ ధ్వని పలుచగా ఉన్నదని, క్రింది స్థాయి బలము లేదని అసంతృప్తి మిగిలినది. ఆ అసంతృప్తి సహజముగా నిర్మాత మీదికి పోయినది. పార్ట్రిడ్జ్ కాలక్రమమున ఈ సంపుటి గొప్పదనమును, రండ్‌గ్రెన్ కూర్పులోని నేర్పును ఒప్పుకొన్నాడు. ధ్వని విషయములో మాత్రము అనుమానము తీరలేదు.

ఇక్కడ గాలిబ్ దీవానును జ్ఞప్తికి తెచ్చెడి ఒక ఉపకథ చెప్పక తప్పదు. 'డియర్ గాడ్' అను పాటను ఆ రోజులలోనే రికార్డు చేసినారు. అది నమ్మకము పోయిన మనిషి దేవునికి వ్రాసిన ఉత్తరము. మన విద్యార్థులకు ఇక్బాల్ 1911లో చదివిన 'షిక్వా' గుర్తుకు రావచ్చును. కాని ఇక్బాల్‌ది విశ్వాసి చేసిన ఫిర్యాదు. 1913లో 'జవాబ్-ఎ-షిక్వా' వ్రాయుటకు ఆయనకు తోవ ఉన్నది. పార్ట్రిడ్జ్ పాటకు జవాబు వచ్చు చిరునామా లేదు. అంత పెద్ద విషయమునకు తన పాట న్యాయము చేయలేదని పార్ట్రిడ్జ్ భావించినాడు. పాటను సంపుటిలో చేర్చక, 'గ్రాస్' రికార్డుకు వెనుక వైపున వేసినారు. అమెరికాలోని రేడియో కేంద్రముల వారు రికార్డు త్రిప్పి ఆ వెనుక పాటనే వినిపించసాగిరి. శ్రోతల స్పందన చూచి అక్కడి జెఫెన్ కంపెనీ వారు సంపుటిని మరల అచ్చువేసి, 'మెర్మెయిడ్ స్మైల్డ్' అను పాటను తొలగించి 'డియర్ గాడ్'ను చేర్చినారు. ఆ విధముగా ఒకే పేరుతో రెండు పాఠములు చెలామణిలోనికి వచ్చినవి. తరువాతి విడుదలలలో రెండు పాటలకును చోటు దొరకినది. నా అభిప్రాయములో, 1958లో ఇంతియాజ్ అలీ అర్షీ గాలిబ్ దీవానుకు చేసిన ఏర్పాటు ఇట్టి చిక్కులకు ఉత్తమమైన మార్గము. గాలిబ్ విడిచిన తొలినాటి కవిత్వము ఒక భాగము, ఆయన ఏరి కూర్చిన దీవాను ఒక భాగము, అక్కడక్కడ చెదరి దొరకినది మరియొక భాగము. ఏదియు దాచలేదు, ఏదియు కలగలపలేదు. రికార్డు కంపెనీలకు ఈ మర్యాద ఇంకను పూర్తిగా అలవడలేదు.

ఇక తీగ సంగతి. దానికి ముందు రీమాస్టరింగ్ అనగా నేమో చూడవలెను. స్టూడియోలో ఒక్కొక్క వాద్యమును వెడల్పైన టేపు మీద వేరువేరు గీతలలో పట్టుదురు. వాటిని తగుపాళ్ళలో కలిపి ఎడమ, కుడి అను రెండు గీతలుగా మార్చుట మిశ్రమము, అనగా మిక్సింగ్. ఆ రెండు గీతల టేపే మాస్టర్ టేపు. దానినుండి రికార్డు గాడిని కోయుటకో, కాంపాక్ట్ డిస్కుకో తగినట్లు ధ్వనిని సరిచూచి సిద్ధపరచుట మాస్టరింగ్. పాత మాస్టర్ టేపును మరల బయటకు తీసి ఈ చివరి పనిని తిరిగి చేయుట రీమాస్టరింగ్. మిశ్రమమును ముట్టుకొనరాదు, వంట అయిపోయినది, వడ్డన మాత్రమే మారును. 1990 తరువాత పలు కంపెనీలు ఈ వడ్డన పేర ధ్వని తీవ్రతను మితిమీరి పెంచి, మెల్లని చోటును, పెద్ద చోటును ఒక్కటిగా చేసిపెట్టినవి. అవి పరిష్కరణలు కావు, కేకలు.

ధ్వని అనునది గాలిలో సంపీడనము, విరళీకరణము ఒకదాని వెంట ఒకటి ప్రయాణించుట. మైక్రోఫోను వద్ద గాలి ముందుకు నెట్టినచో విద్యుత్ సంకేతము పైకి, వెనుకకు లాగినచో క్రిందికి పోవలెను. ఆ సంకేతమును అందుకొని లౌడ్‌స్పీకరులోని కాగితపు గరాటు అదే విధముగా ముందుకు నెట్టవలెను, వెనుకకు లాగవలెను. మధ్యలో ఎక్కడనో ధన, ఋణ తీగలు రెండు ఒకదాని చోట ఒకటి కలిసినచో పైకి పోవలసినది క్రిందికి పోవును. దీనినే ధ్రువత్వము తారుమారగుట అందురు.

దీని దెబ్బ ఎట్టిదో నేను ఒకసారి స్వయముగా చవిచూచితిని. కళాశాల వార్షికోత్సవములో ఖవ్వాలీ కార్యక్రమమునకు రెండు లౌడ్‌స్పీకర్లను నేనే బిగించితిని. తొందరలో ఒకదాని తీగలు తిరగవేసితిని. గాయకుని గొంతు వినబడుచునే ఉన్నది గాని ఎక్కడ నుండి వచ్చుచున్నదో తెలియదు. తబలా బాయాలోని గుంభనమైన నాదము సభ మధ్యలో మాయమైనది. ఒక పెట్టె గాలిని నెట్టుచుండగా రెండవది లాగుచుండుటచే మంద్రధ్వనులు ఒకదానినొకటి కొట్టివేసినవి. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి తబలా వాద్యకారునికి జ్వరమేమో అని అడిగినాడు. తప్పు నాది, పేరు పోయినది ఆయనది.

'స్కైలార్కింగ్'లో జరిగినది దీనికి దగ్గరదే గాని ఇదియే కాదు. ఈ భేదమును గ్రహింపక చాలమంది పొరబడుచున్నారు. 2010లో పార్ట్రిడ్జ్ తన స్వంత సంస్థ ద్వారా ఈ సంపుటిని రికార్డుగా మరల వెలువరింపదలచి మాస్టర్ టేపును జాన్ డెంట్ అను ఇంజనీరు చేతికి ఇచ్చినాడు. డెంట్ విని, ధ్రువత్వము తారుమారైనదని గుర్తించినాడు. విడివిడి గీతల టేపు నుండి మిశ్రమపు టేపునకు ధ్వనిని పంపుచున్నప్పుడు ఎచ్చటనో తీగ తప్పు కలిసియుండునని ఆయన ఊహ. తిరగవేసి వినగా సంపుటికి బరువు, లోతు వచ్చినట్లు పార్ట్రిడ్జ్‌కు తోచినది. ఆ సవరణతో రెండు రికార్డుల విడుదల 2010లో, కాంపాక్ట్ డిస్కు 2014లో వెలువడినవి. ధ్రువత్వము సవరించిన ప్రతి అని అట్టమీదనే చెప్పినారు. ఏమి మార్చినారో చెప్పి మార్చుట మెచ్చదగిన పద్ధతి.

కాని పరీక్షకుడు ఇక్కడ ఆగి ఆలోచింపవలెను. నా ఖవ్వాలీ సభలో ఒక పెట్టె మాత్రమే తిరగబడినది. ఇక్కడ ఎడమ, కుడి రెండును కలిసికట్టుగా తిరగబడినవి. రెండును ఒకేసారి నెట్టుచున్నవి, ఒకేసారి లాగుచున్నవి. కనుక ఒకదానినొకటి కొట్టివేయుట లేదు. పిల్లనగ్రోవి వలె సాఫీగా సాగెడి స్వరములో పైభాగము, క్రిందిభాగము ఇంచుమించు ఒకే ఆకారములో ఉండును గనుక తిరగవేసినను చెవికి భేదము తెలియుట కష్టము. డ్రమ్ము దెబ్బ సంగతి కొంత వేరు. దెబ్బ పడిన క్షణమున గాలి ఒక దిక్కునకే తన్నును. తారుమారైన రికార్డులో ఆ మొదటి తన్ను లాగుడుగా మారును. ఇట్టి అసమాన తరంగములలో భేదమును చెవి పసిగట్టుట సాధ్యమే. అయినను, ప్రత్యేకముగా తయారు చేసిన ధ్వనులలో తెలిసినంత స్పష్టముగా, పలు వాద్యములు కలిసిన సంగీతములో తెలియదు.

అంతేకాదు. మొదటి సంపుటిలో దాదాపు 45 నిమిషముల సంగీతము ఒక్క రికార్డు రెండు ముఖముల మీద ఇరికించబడినది. మంద్రధ్వనికి గాడి వెడల్పుగా ఊగును. ముఖము నిండినకొలది ఆ ఊపును తగ్గింపక తప్పదు. 2010 నాటి ప్రతిలో అదే సంగీతము రెండు రికార్డుల నాలుగు ముఖములకు పరచి, నిమిషమునకు 45 చుట్ల వేగముతో కోయబడినది. గాడికి చోటు దొరకినది. క్రింది స్థాయి సహజముగానే బలపడును. కావున క్రొత్త ప్రతి వినినవాడు ఆహా తీగ సరిచేయగానే ఎంత మార్పు అని మురిసినచో, ఆ మార్పులో తీగ పాలు ఎంత, చోటు పాలు ఎంత, డెంట్ చేతి నేర్పు పాలు ఎంత అని అడుగవలసి ఉన్నది. ఒకేసారి మూడు మార్పులు చేసి ఫలితమును ఒక్కదానికే కట్టబెట్టుటకు ప్రయోగశాలలో మన విద్యార్థికి మార్కులు పడవు.

రండ్‌గ్రెన్ ఈ వాదమును అంగీకరింపలేదు. ఆయన మాట నెగ్గినను నెగ్గకున్నను ఒక సంగతి ఆలోచింపదగినది. పాతిక సంవత్సరముల పాటు ధ్వని పలుచన అనునది ఆయన స్వభావదోషముగా, పొగరుకు ఫలితముగా చెప్పబడినది. డెంట్ చెప్పినది నిజమైనచో అది ఏ స్వభావమునకును చెందని లోహపు తీగ చేసిన పని. నిజము కానిచో పాత నింద మరియొక వేషములో మిగిలినట్లే. వ్రాయసకాని తప్పును కవికి అంటగట్టినట్లు, తీగ తప్పును మనిషికి అంటగట్టుటయు జరుగును. మనిషి తప్పును తీగ మీదికి నెట్టుటయు జరుగును. టేపు ముందు కూర్చుండి విననిదే రెండింటిలో ఏది జరిగినదో చెప్పరాదు.

2016లో స్టీవెన్ విల్సన్ మరియొక అడుగు ముందుకు వేసినాడు. ఆయన విడివిడి గీతల టేపుల నుండి క్రొత్త మిశ్రమమునే తయారు చేసి, చుట్టును లౌడ్‌స్పీకర్లు అమర్చుకొని వినుటకు తగిన రూపమును కూడ ఇచ్చినాడు. ఇది వడ్డన కాదు, మరల వంట. పాఠపరిష్కరణ అను హద్దు దాటి వ్యాఖ్యానములోనికి పోయినట్లే. విల్సన్ వినయము గల వ్యాఖ్యాత. మూలము యొక్క రూపురేఖలను చెదరనీయలేదు. గ్రెగరీ తీగవాద్యములు కూర్చిన '1000 అంబ్రెల్లాస్' అందులో వినినచో ఒక్కొక్క వయొలిను ఎచ్చట ఉన్నదో చూపవచ్చునన్నంత విశదముగా ఉన్నది. అయినను వ్యాఖ్యానము చదివి మూలము చదివితిననుకొనుట పొరపాటు గదా.

ఇంతకును పాత ప్రతి ఉన్నవారు క్రొత్తది కొననవసరము లేకుండ డెంట్ మాటను పరీక్షింపవచ్చును. రెండు లౌడ్‌స్పీకర్ల వెనుక ఉన్న ఎర్ర, నల్ల తీగలను రెండింటికిని తిరగవేసినచో చాలును; ధ్రువత్వము సవరింపబడినట్లే. ఒక్కదానికే తిరగవేయరాదు, ఖవ్వాలీ సభ అగును. యంత్రమును ఆపివేసిన పిదపనే తీగలను ముట్టుకొనవలెను. రికార్డు అదే, గాడి అదే, ముల్లు అదే. మారునది ఒక్కటే గనుక విన్న భేదము తీగదే.

నేను ఒక సాయంకాలము ఒక విద్యార్థిని తోడు తీసుకొని ఈ పని చేసితిని. '1000 అంబ్రెల్లాస్'లో నాకు ఏ భేదమును తెలియలేదు. 'ఎర్న్ ఎనఫ్ ఫర్ అజ్'లో ప్రెయిరీ ప్రిన్స్ డ్రమ్ము ఒక అడుగు దగ్గరకు వచ్చినట్లు తోచినది. సంతోషించి ఆ మాట పైకి చెప్పితిని. అంతట ఆ విద్యార్థి నన్ను గోడవైపు తిరిగి కూర్చుండుమని, నాకు చెప్పకుండ తీగలు ఒకసారి మార్చి, ఒకసారి మార్చినట్లు నటించి, అదే పాటను మరల మరల వినిపించినాడు. మొదట రెండు పర్యాయములు సరిగా చెప్పితిని, మూడవది తప్పితిని, నాలుగవదానికి ఏమి చెప్పవలెనో తెలియక, ముల్లు అరిగినదేమో చూడుమంటిని. ముల్లు బాగుగనే ఉన్నది. ఆ చివరి పర్యాయము తీగలు ఎటువైపు కలిపినాడో ఎంత అడిగినను అతడు చెప్పలేదు. మరల వినుడని రికార్డును మొదటికి పెట్టినాడు.